స్విఫ్ట్ లో లక్షన్నర పోసి దాన్ని కార్ల మీద ప్రేమ అంటారేంట్రా

కార్ల మీద ఇష్టం లేదంట నాకు. మా పిన్ని కొడుకు ఇందాకే ఫోన్లో అన్నాడీ మాట, ఇంకా చెవుల్లోనే గింగిరాలు తిరుగుతోంది. జరిగింది ఇంతే, వాడి స్విఫ్ట్ కి టర్బో కిట్ (ఇంజిన్ లోకి గాలిని బలవంతంగా ఎక్కించే సామాను) వేయిస్తాడంట, ఓ యాభై వేలు సర్దమన్నాడు. నేను ఇవ్వనన్నా. టైర్లు, బ్రేకులు బాగు చేయించుకుంటానంటే రేపే ఇస్తానన్నా. అంతే, కోపం వచ్చేసింది. "నీకు కారంటే ఏసీ వేసుకుని ఆఫీసుకి పోవడమే అన్నయ్యా, ప్యాషన్ అంటే నీకు తెలీదు" అని ఫోన్ పెట్టేశాడు. రేయ్, నువ్వు నిక్కర్లేసుకుని తిరిగే రోజుల్లోనే నేను ఆటోనగర్ లో మెకానిక్ షెడ్ల ముందు నిలబడి ఇంజిన్లు దించడం చూసినోణ్ణి. నాకు చెప్తున్నావా ప్యాషన్ గురించి.

ముందు ఆ కారు సంగతి చెప్తా. 2018 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్, సెకండ్ హ్యాండ్ లో కొన్నాడు. 83 హార్స్‌పవర్, 113 ఎన్ఎం టార్క్ (అంటే బండిని లాగే బలం), తొమ్మిది వందల కేజీల లోపు బరువు. చాలా మంచి కారు, తేలిగ్గా ఉంటుంది, స్టీరింగ్ చెప్పిన మాట వింటుంది, దాని పని అది హాయిగా చేసుకుంటుంది. దాన్ని అలా ఉండనివ్వరు కదా మనోళ్ళు. కోన్ ఫిల్టర్, పెద్ద సైలెన్సర్, రీమ్యాప్ (ఇంజిన్ ని నడిపే కంప్యూటర్లో సెట్టింగులు మార్చడం), పదిహేడు ఇంచుల అల్లాయ్స్, కిందకి దించే స్ప్రింగులు, అన్నీ కలిపి లక్షన్నర దాటింది. పిన్నికి చెప్పింది మాత్రం "సర్వీసింగ్ చేయించా" అని.

మొన్న పండక్కి వచ్చినప్పుడు బానెట్ ఎత్తి చూపించాడు. చూసి నాకు మతిపోయింది. కంపెనీ వాడు ఇచ్చిన ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఊరికే పెట్టలేదు, ముందు నుంచి చల్లగాలి తీసుకునేలా దానికో గొట్టం పెట్టి డిజైన్ చేశాడు. వీడు ఆ డబ్బా మొత్తం పీకించేసి, ఇంజిన్ పక్కనే ఎర్ర రంగు కోన్ ఫిల్టర్ ఒకటి బిగించుకున్నాడు, చుట్టూ హీట్ షీల్డ్ లేదు, ఏమీ లేదు. అప్పుడే ఏలూరు నుంచి వచ్చాడు, ఆ ఫిల్టర్ క్లాంప్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. అంటే ఇంజిన్ పీల్చేది ఆ బానెట్ కింది వేడిగాలే కదా. వేడిగాలి పలచగా ఉంటుంది, అందులో ఆక్సిజన్ తక్కువ, ఆక్సిజన్ తక్కువైతే పవర్ తక్కువ. డబ్బులిచ్చి మరీ పవర్ తగ్గించుకున్నాడు, సౌండ్ పెరిగింది కాబట్టి స్పీడ్ కూడా పెరిగిందనుకుంటున్నాడు.

రీమ్యాప్ అంటారు. టర్బో ఉన్న ఇంజిన్ కి రీమ్యాప్ చేస్తే నిజంగానే తేడా వస్తుంది, నేను కాదనను, టర్బో ప్రెషర్ పెంచుతారు, గాలి ఎక్కువ పోతుంది, దానికి తగ్గట్టు పెట్రోలో డీజిలో ఎక్కువ పోతుంది, బండి లాగుతుంది. కానీ టర్బో లేని 1.2 పెట్రోల్ ఇంజిన్ లో పెంచడానికి ఏముంది? అది పీల్చగలిగినంత గాలే అది పీలుస్తుంది. ల్యాప్‌టాప్ పెట్టి, కేబుల్ గుచ్చి, అరగంటలో ఏదో ఫైల్ ఎక్కించి పంపిస్తారు, మహా అయితే నాలుగైదు హార్స్‌పవర్. యాక్సిలరేటర్ కాస్త తొక్కగానే ఎక్కువ తెరుచుకునేలా సెట్ చేస్తారు, దాంతో మనోడికి రాకెట్ ఎక్కినట్టుంటుంది. ముందు, తర్వాత డైనో (పవర్ కొలిచే మెషిన్) మీద పెట్టి కొలిచారా అని అడిగా. "డైనో ఎందుకు అన్నయ్యా, తొక్కితే తెలుస్తుంది" అన్నాడు. ఆ షాపు వాడు నేర్పిన మాటే అది, నాకు తెలుసు.

పోనీ పవర్ పెరిగిందే అనుకుందాం. కలపర్రు టోల్ గేట్ ముందు నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని వందకి పైన నుంచి బ్రేక్ కొట్టాడు, బండి ముందుకి ముక్కు పొడిచింది, ఆగాక కిటికీలోంచి కాలిన వాసన. వెనక చక్రాలకి ఇప్పటికీ డ్రమ్ములే, అంటే పాత రకం బ్రేకులే. ముందు అవే ప్యాడ్లు, అవే డిస్కులు. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చావురా అంటే నా మొహం చూశాడు. పదిహేడు ఇంచుల అల్లాయ్స్ కి మాత్రం నలభై వేలు పెట్టాడు, అవి పాత వాటికంటే బరువు, ఇంజిన్ ఆ బరువుని తిప్పాలి, బ్రేకులు ఆ బరువుని ఆపాలి, పైగా ఫుల్ స్టీరింగ్ తిప్పితే టైరు ఫెండర్ కి రాసుకుంటోంది. ఈ బండికి ఇప్పుడు టర్బో వేస్తాడంట! ఆ పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, హెడ్ గాస్కెట్ ఎనభై హార్స్‌పవర్ కోసం చేసినవి. ప్రెషర్ పెంచితే నాకింగ్ (లోపల పెట్రోల్ అదుపు తప్పి అంటుకోవడం) మొదలవుతుంది, పిస్టన్ కి కన్నం పడేదాకా మనోడికి అర్థం కాదు.

కంపెనీ వాళ్ళు మామూలు కారుని స్పీడ్ కారు చేసినప్పుడు ఏం చేశారో చూడండి ఒకసారి. 2017 లో బాలెనో ఆర్ఎస్ వచ్చింది, 1.0 లీటర్ టర్బో, 102 హార్స్‌పవర్, 150 ఎన్ఎం. ఇంజిన్ ఒక్కటే మార్చి వదిలేశారా? వెనక డ్రమ్ములు తీసి డిస్కులు పెట్టారు. ఐ20 ఎన్ లైన్ లో నాలుగు చక్రాలకీ డిస్కులిచ్చారు, సస్పెన్షన్ గట్టి చేశారు, 120 హార్స్‌పవర్. ఫియట్ వాడు 2015 లో అబార్త్ పుంటో తెచ్చాడు, 145 హార్స్‌పవర్, నాలుగు డిస్కులు, కారు కిందకి దించాడు, టైర్లు 195 వెడల్పు. అంటే కోట్లు పెట్టి ఇంజినీర్లని పెట్టుకున్న వాళ్ళే పవర్ పెంచే ముందు బండి ఎలా ఆగాలో ఆలోచించారు. మా వాడు, వాడి షాపు వాడు మాత్రం సైలెన్సర్ దగ్గరే ఆగిపోయారు.

లెక్క చెప్తా వినండి. స్విఫ్ట్ కి మన దగ్గర రీసేల్ ఎంత గట్టిగా ఉంటుందో అందరికీ తెలుసు. ఏమీ మార్చకముందు, స్టాక్ కండిషన్లో ఉన్నప్పుడు అమ్మేసి, ఆ లక్షన్నర, ఇప్పుడు టర్బోకి పోగేస్తున్న డబ్బు కలిపితే మంచి కండిషన్లో సెకండ్ హ్యాండ్ పోలో టీఎస్ఐ వచ్చేది. 110 హార్స్‌పవర్, 175 ఎన్ఎం టార్క్, అదీ 1,750 ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) నుంచే. స్విఫ్ట్ లో ఉన్న ఆ 113 ఎన్ఎం రావాలంటే 4,200 దాకా తిప్పాలి. జంగారెడ్డిగూడెం రోడ్డులో లారీ వెనక ఇరుక్కున్నప్పుడు తెలుస్తుంది ఈ తేడా, ఒకడు మూడో గేర్లో కాలు అదిమి దాటేస్తాడు, ఇంకొకడు రెండో గేర్ కి దించి ఇంజిన్ అరిపించి, ఎదురుగా బస్సు వస్తుంటే మళ్ళీ లారీ వెనక్కే దూరతాడు. పోలో వద్దా, ఫిగో డీజిల్ ఉంది, 100 హార్స్‌పవర్, 215 ఎన్ఎం, ఫోర్డ్ వాడు దేశం వదిలి వెళ్ళిపోయాడని చవగ్గా వస్తోంది. సెకండ్ హ్యాండ్ లో ఇంకో సుఖం, లైఫ్ ట్యాక్స్ మొదటి ఓనరే కట్టేసి ఉంటాడు. కానీ వాడికి కావాల్సింది స్పీడ్ కారు కాదు, తన కారు స్పీడ్ అని నలుగురూ అనుకోవడం.

కాదు, ఇక్కడ తప్పు మొత్తం వాడి మీదే తోసెయ్యడానికి కూడా నాకు మనసొప్పట్లేదు. అసలు వాడు స్విఫ్ట్ ఎందుకు కొన్నాడు? వాడు మొదట చూసింది పోలోనే, నాకు ఫోటోలు కూడా పంపాడు. మా పెద్ద మామయ్య అడ్డుపడ్డాడు. "జర్మన్ బండా, సర్వీసింగ్ కి ఆస్తులమ్ముకోవాలి. మైలేజ్ ఎంత? రీసేల్ ఎంత?" మన ఇళ్ళల్లో కారు కొనాలంటే చుట్టాలందరూ కూర్చుని పంచాయితీ పెడతారు చూడండి, డబ్బులు పెట్టేది ఒకడు, కారు నడిపేది ఒకడు, ఏ కారు కొనాలో తేల్చేది మాత్రం నెలకోసారి వచ్చి కాఫీ తాగి పోయే మామయ్య.

నాకూ ఇదే చేశారు. 2015 లో అబార్త్ పుంటో వచ్చినప్పుడు నేను ఉద్యోగంలో ఉన్నా, నా జీతం, నా లోను. ఢిల్లీ ఎక్స్ షోరూమ్ ధర 9.95 లక్షలు. ఆ డబ్బుకి 145 హార్స్‌పవర్ ఇచ్చే హ్యాచ్‌బ్యాక్ దేశంలో ఇంకొకటి లేదు. టెస్ట్ డ్రైవ్ చేసొచ్చి రాత్రి నిద్ర పట్టలేదు నాకు. ఇంట్లో చెప్పగానే మొదలు, ఫియట్ ఏంట్రా, పార్ట్స్ దొరకవు, షోరూమ్ మూసేస్తారు, ఫియట్ ఇంజిన్ నమ్మకూడదు, అందరూ తీసుకునేది తీసుకో. ఆ మాటన్న మామయ్య ఆ రోజు మా ఇంటికి వచ్చింది దేంట్లో తెలుసా, స్విఫ్ట్ డీజిల్ లో. దాంట్లో ఉన్న ఆ డీడీఐఎస్ డీజిల్ ఇంజిన్ ఎవరిదనుకున్నారు? ఫియట్ వాళ్ళ 1.3 మల్టీజెట్! మారుతి లైసెన్స్ తీసుకుని తయారుచేసుకుంది. స్విఫ్ట్, డిజైర్, విస్టా, మాంజా, ఎర్టిగా, సియాజ్, సగం దేశం తిరిగింది ఆ ఇంజిన్ మీదే, నేషనల్ ఇంజిన్ అని పేరే పెట్టారు దానికి. "లక్ష కిలోమీటర్లు తిరిగా, ఇంజిన్ సౌండ్ మారలేదురా" అని పొగుడుతూనే ఫియట్ ఇంజిన్ నమ్మకూడదంటాడు. చెప్పా నేను. అందరి ముందు చెప్పా. "అది మారుతి ఇంజిన్, నీకు తెలీదు" అన్నాడు, మా నాన్న కూడా తలూపాడు. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది అది గుర్తొస్తే. చివరికి ఇంటి పోరు పడలేక ఇంకో కారు తీసుకున్నా, అదేంటో చెప్పను, చెప్తే మామయ్య గెలిచినట్టు ఉంటుంది.

ఈ మైలేజ్ పిచ్చే మన మార్కెట్ ని చంపేసింది. అబార్త్ పుంటో పోయింది. బాలెనో ఆర్ఎస్ మూడేళ్ళు కూడా నిలబడలేదు. 2022 లో పోలో ఆగిపోయింది. గవర్నమెంట్ కూడా ఏమీ తక్కువ తినలేదు, నాలుగు మీటర్ల లోపు, పెట్రోల్ అయితే 1,200 సీసీ లోపు ఉంటేనే చిన్న కారని పన్ను తగ్గిస్తుంది. అబార్త్ చిన్న కారే, కానీ ఇంజిన్ 1.4, కాబట్టి ఆ రాయితీ దానికి లేదు. ఇప్పుడు 2025 సెప్టెంబర్ నుంచి కూడా అదే గీత, గీతకి ఇవతల ఉంటే 18 శాతం జీఎస్టీ, అవతల ఉంటే 40. 150 హార్స్‌పవర్ ఇచ్చే 1.5 టర్బో కొందామంటే ఆ 40 కట్టుకోవాలి. దాంతో కుర్రోళ్ళు ఏం చేస్తారు, ఇంట్లో ఒప్పుకునే కారు కొంటారు, తర్వాత ఎవరికీ చెప్పకుండా జీతంలోంచి మిగిల్చి మిగిల్చి దాంట్లో పోస్తారు. లోను మీద కొన్న కారు అందరికీ కనిపిస్తుంది, సైలెన్సర్ కి పోసిన డబ్బు కనిపించదు. మామయ్యలూ, మీరు ఆపింది స్పీడ్ ని కాదు, మంచి బ్రేకులున్న కారుని.

చట్టం గురించి అయితే వీళ్ళకి చెప్పడమే దండగ. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదని 2019 లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పట్టుకుంటే ఒక్కో మార్పుకి ఐదు వేల ఫైన్, ఆరు నెలల వరకు జైలు కూడా ఉంది. అది పక్కన పెట్టండి, ఇన్సూరెన్స్ వాడు? గుద్దాక సర్వేయర్ వచ్చి బానెట్ ఎత్తితే ఆ ఎర్ర ఫిల్టర్ నవ్వుతూ కనిపిస్తుంది. నా ఫ్రెండ్ ఒకడికి అలాగే క్లెయిమ్ కొట్టేశారు, మొత్తం సొంత డబ్బు పెట్టుకున్నాడు.

"మరి ర్యాలీల్లో మాడిఫై చేసిన కార్లు తిరగట్లేదా" అని వాదిస్తాడు మా వాడు. తిరుగుతాయిరా. శ్రీపెరంబుదూర్ ట్రాక్ కి వెళ్ళు, కోయంబత్తూర్ కారి స్పీడ్‌వే కి వెళ్ళు, మారుతి 800 ఇంజిన్ పెట్టి ఫార్ములా మారుతి అని రేసులు నడిపిన దేశం మనది. వాళ్ళ కారు డోర్ తీసి చూడు ముందు, రోల్ కేజ్ (లోపల ఇనుప చట్రం) ఉంటుంది, పెద్ద బెల్టులుంటాయి, పక్కన మంటలార్పే సిలిండర్ ఉంటుంది. కష్టపడి ఒక కారుని అలా తయారుచేసుకునే వాళ్ళకి నేను దణ్ణం పెడతా. నువ్వు చేసింది అది కాదు. నువ్వు రాత్రి పదకొండింటికి బెంజ్ సర్కిల్ దగ్గర ఫట్ ఫట్ మనిపించి చంటిపిల్లల్ని లేపుతున్నావు.

ఇది చదివి "నా బండికి స్టేజ్ వన్ (మొదటి దశ రీమ్యాప్) చేయించా, రాకెట్ బ్రో" అని కామెంట్ పెట్టడానికి రెడీగా ఉన్న వాళ్ళందరికీ ఒకటే మాట. పెట్టండి, కాదనను. కానీ సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లో ఒక్కటే రాయకండి, వంద నుంచి ఆగడానికి ఎన్ని మీటర్లు పడుతోందో, ఆ టైర్లు ఏ సంవత్సరంవో, బ్రేక్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్పించారో, అవి కూడా రాయండి. అవి రాయని కామెంట్ కి నేను రిప్లై ఇవ్వను.