అలాస్కా హైవే మీద మన పిల్లలకు చెప్పని సంగతి

పోయిన వేసవిలో మూడు తెలుగు కుటుంబాలం కలిసి అలాస్కా హైవే మీద వెళ్లొచ్చాం. కెనడాలోని డాసన్ క్రీక్‌లో మొదలై, యూకాన్ మీదుగా అలాస్కాలోని డెల్టా జంక్షన్ దాకా సుమారు 2,200 కిలోమీటర్ల దారి. గంటల తరబడి అడవే. పెట్రోలు బంకు కనబడితే చాలు, ట్యాంకు సగం ఉన్నా నింపుకునేవాళ్లం. పిల్లలు ఎలుగుబంట్ల ఫోటోలు వందల్లో తీశారు. ఈ రోడ్డు ఎవరు వేశారో మాత్రం మేం చెప్పలేదు. మాకే తెలియదు. ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నాను.

పెర్ల్ హార్బర్ దాడి తర్వాత, అలాస్కాకు జపాన్ ముప్పు ఉందని 1942 మార్చిలో అమెరికా సైన్యం పని మొదలుపెట్టి, ఎనిమిది నెలల్లో దారి తీసింది. పదివేల మందికి పైగా సైనికుల్లో సుమారు మూడో వంతు నల్లజాతివాళ్లు. అప్పట్లో వాళ్లకు దళాలే వేరు. వాళ్లు అలాస్కాలో స్థిరపడిపోతారేమోనని అక్కడి సేనాధిపతి బక్నర్ అభ్యంతరం చెప్పాడు. అందుకని ఊళ్లకు దూరంగా గుడారాల్లో ఉంచారు. దక్షిణాది నుంచి వచ్చిన చాలామందికి అంత చలి ఎప్పుడూ తెలియదు. నల్లజాతివాళ్ల 95వ రెజిమెంట్ యంత్రాలను తెల్లవాళ్ల దళానికి ఇచ్చేసి, వీళ్ల చేతికి పారలు, గొడ్డళ్లు ఇచ్చారు. సికానీ చీఫ్ నది మీద చెక్క వంతెనను, రాత్రిళ్లు లారీల హెడ్‌లైట్ల వెలుగులో కూడా పనిచేసి, నాలుగు రోజులు నిండకుండానే నిలబెట్టింది వీళ్లే. అక్టోబరు 25న బీవర్ క్రీక్ దగ్గర, ఒకవైపు నుంచి కార్పొరల్ రిఫైన్స్ సిమ్స్ బుల్డోజరు, మరోవైపు నుంచి తెల్ల సైనికుడు ఆల్ఫ్రెడ్ జలుఫ్కా బుల్డోజరు చెట్లు తోసుకుంటూ వచ్చి ఎదురుపడ్డాయి. ఇద్దరూ చేతులు కలిపిన ఫోటో చూస్తే నాకు కళ్లు చెమర్చాయి.

(రోడ్డుతో పాటు వచ్చిన జబ్బులకు అక్కడి ఆదివాసీ ఊళ్లు ఎంత నష్టపోయాయో వేరే వ్యాసమే రాయాలి.)

ఇదంతా మనకెందుకు అంటారా? మనలో ఎక్కువమందికి అమెరికా తలుపు తెరిచింది 1965 వలస చట్టం. నల్లజాతివాళ్లు దెబ్బలు తిని, జైళ్లకెళ్లి నడిపిన పౌరహక్కుల ఉద్యమం లేకపోతే ఆ చట్టం వచ్చేదని నేను అనుకోను. అయినా మన ఇళ్లలో, మన పార్టీల్లో వాళ్లను చులకన చేసే మాటలు ఎన్నోసార్లు విన్నాను. ఊరుకున్నాను కూడా. ఇక ఊరుకోను.

మన సంఘం తరఫున అలాస్కా టూరు వేసినప్పుడు హిమానీనదాలతో పాటు ఈ హైవే మీదున్న గెర్‌స్టల్ నది వంతెన దగ్గర కూడా ఒక అరగంట ఆగాలి. 1993లో దానికి నల్లజాతి సైనికుల స్మారకంగా పేరు మార్చారు. 2017లో అలాస్కా రాష్ట్రం అక్టోబరు 25ను వాళ్ల పేరిట ప్రత్యేక దినంగా ప్రకటించింది. ఈ అక్టోబరులో మా తెలుగు బడి పిల్లలకు నేనే ఈ సంగతి చెబుతాను, ఆ ఫోటో చూపించి. అమ్మానాన్నలు కూడా వచ్చి వెనక బెంచీల్లో కూర్చోండి.