ఇల్లు పిల్లల పేర రాసేస్తే కేర్ హోమ్ ఖర్చు తప్పుతుందా?

ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్ల మధ్య ఒక మాట ఎప్పటినుంచో తిరుగుతోంది. ఇల్లు పిల్లల పేర రాసి ఏడేళ్లు గడిస్తే చాలట, ఆ తర్వాత కేర్ హోమ్‌లో, అంటే ముసలివాళ్లను డబ్బు తీసుకుని చూసుకునే చోట, చేరాల్సి వచ్చినా, లేనివాళ్ల కేర్ ఖర్చు భరించే కౌన్సిల్ (అక్కడి స్థానిక సంస్థ) ఆ ఇంటి జోలికి రాదట. ఈ మాట తప్పు. ఏడేళ్ల లెక్క వారసత్వ పన్నుకు సంబంధించింది. కేర్ ఖర్చుల విషయంలో ఇన్నేళ్లు దాటితే అడగరు అనే గడువే లేదు.

నాకు బాబాయి వరసయ్యే ఒకాయన 1970ల్లో గుంటూరు నుంచి డాక్టరుగా వెళ్లి అక్కడే రిటైరయ్యారు. పిన్ని పోయాక మూడు బెడ్‌రూముల ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. రెండేళ్ల కిందట నేను వెళ్లినప్పుడు డైనింగ్ టేబుల్ మీద, మందుల డబ్బా పక్కన, లాయరు పంపిన కాగితాలు కనిపించాయి. సంతకం పెట్టాల్సిన ప్రతిచోటా పసుపు స్టిక్కర్ అంటించి ఉంది. "నా తర్వాత ఎలాగూ అమ్మాయిదే కదమ్మా, ఇప్పుడే రాసేస్తే పోయేదేముంది? ఉంచుకుంటే అంతా కేర్ హోమ్‌కే పోతుంది" అన్నారు.

ఆయన భయం ఉత్త భయం కాదు. ఇంగ్లండ్‌లో క్యాన్సర్ వస్తే అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ ఉచితంగా వైద్యం చేస్తుంది. అదే డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వచ్చి, స్నానం చేయించడానికీ అన్నం తినిపించడానికీ మనిషి కావాల్సి వస్తే చాలావరకు దాన్ని సోషల్ కేర్ కింద లెక్కేస్తారు. అప్పుడు ఆస్తిపాస్తులు చూస్తారు. పొదుపూ ఆస్తీ కలిపి 23,250 పౌండ్లు దాటితే మొత్తం ఖర్చు మనదే. కేర్ హోమ్ ఫీజు వారానికి 1,000 పౌండ్లు దాటడం అక్కడ మామూలు. అంటే ఏడాదికి 52,000. మూడు లక్షల పౌండ్ల ఇల్లు ఆరేళ్లు తిరక్కుండానే కరిగిపోవచ్చు. ముప్పై ఏళ్లు కిస్తీలు కట్టి సంపాదించుకున్న ఇల్లు అలా పోతుందంటే ఎవరికైనా కడుపు రగులుతుంది.

ఆ 23,250 పరిమితి 2010 నుంచి ఒక్క పెన్నీ కూడా పెరగలేదు. ఒక మనిషి జీవితకాలంలో కేర్ మీద పెట్టే ఖర్చుకు పైపరిమితి ఉండాలని ప్రభుత్వమే వేసిన డిల్నాట్ కమిషన్ 2011లోనే చెప్పింది. 2014లో దానికి చట్టం కూడా చేశారు. 2016లో అమలు చేస్తామన్నారు, వాయిదా వేశారు. తర్వాత 86,000 పౌండ్ల పైపరిమితి 2023 అక్టోబరు నుంచి అన్నారు, దాన్ని 2025కు జరిపారు, చివరికి 2024 జులైలో కొత్త ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ మొత్తానికే రద్దు చేశారు. ఇన్నిసార్లు మాట తప్పిన ప్రభుత్వాన్ని జనం నమ్మకపోతే అది జనం తప్పు అనను. ఎవరికి జబ్బు చేస్తుందో, ఎన్నేళ్లు మంచాన పడతారో ముందుగా తెలియనప్పుడు ఆ భారాన్ని సమాజం అంతా కలిసి మోయాలి. ఒక్కో కుటుంబం ఇంటి కాగితాలు దాచుకుంటూ తన తిప్పలు తాను పడాల్సిన విషయం కాదిది.

అయినా బాబాయిని సంతకం పెట్టొద్దనే చెప్పాను.

కేర్ అవసరమై కౌన్సిల్‌ను ఆశ్రయిస్తే, గతంలో ఆస్తి ఎవరికైనా ఇచ్చారా అని ఆరా తీస్తారు. ఇచ్చిన రోజుకు మీకు కేర్ అవసరం రావచ్చని తెలుసా? ఫీజు తప్పించుకోవడం ఒక ముఖ్య కారణమా? ఈ రెండూ చూస్తారు. అరవై ఏళ్ల వయసులో ఆరోగ్యంగా ఉన్నప్పుడు వేరే కారణంతో ఇచ్చినదాన్ని తప్పుపట్టడం కష్టమే. కానీ డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో, రెండుసార్లు జారిపడి ఆస్పత్రికి వెళ్లొచ్చాక, ఒంటరిగా ఉన్న మనిషి ఉన్నట్టుండి ఇల్లు రాసిస్తే ఎందుకని అడక్కుండా ఉంటారా? అది ఫీజు ఎగ్గొట్టడానికే అని తేలితే ఇల్లు ఇంకా మీదే అన్నట్టు లెక్క కడతారు. చేతిలో ఇల్లుండదు, కాగితం మీద మాత్రం ఉంటుంది. 2014 నాటి కేర్ చట్టం ప్రకారం ఆ బకాయిని ఇల్లు పుచ్చుకున్న కూతురి దగ్గరో కొడుకు దగ్గరో వసూలు చేసే అధికారం కూడా కౌన్సిల్‌కు ఉంది.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. మన ఇంట్లోనే ఉండి కేర్ తీసుకుంటే ఇంటి విలువను అసలు లెక్కలోకే తీసుకోరు. కేర్ హోమ్‌లో చేరినా భార్యో భర్తో ఆ ఇంట్లోనే ఉంటున్నంత కాలం దాన్ని పక్కన పెడతారు. అరవై దాటిన దగ్గరి బంధువు అక్కడ ఉంటున్నా అంతే. శాశ్వతంగా చేరితే మొదటి 12 వారాలు ఇల్లు లెక్కలోకి రాదు. ఆ తర్వాత కూడా బతికుండగా అమ్మి తీరాలని లేదు. అర్హత ఉంటే కౌన్సిల్ ఇంటి మీద హామీ రాయించుకుని ఫీజు కడుతుంది, వడ్డీతో కలిపి తర్వాత ఇల్లు అమ్మినప్పుడు తీసుకుంటుంది. ఒక సంగతి మాత్రం మనవాళ్లు మర్చిపోతారు. హైదరాబాద్‌లో కొనిపెట్టుకున్న ఫ్లాటు కూడా ఈ ఆస్తి లెక్కలోకి వస్తుంది.

ఇక పేరు మారిన రోజు నుంచి ఆ ఇల్లు కూతురిది. ఆమెకు విడాకులైనా, అల్లుడి వ్యాపారం దెబ్బతిని ఇద్దరి మీదా అప్పులు పడినా ఆ ఇల్లూ చిక్కుల్లో పడుతుంది. ఆమె బంగారం లాంటి పిల్లే. అయినా ఆమె సంసారంలో రాబోయే కష్టాలకు బాబాయి తల మీది కప్పును పూచీగా పెట్టడం ఎందుకు? పైగా అద్దె కట్టకుండా అదే ఇంట్లో ఉంటే ఏడేళ్లయినా ఆ ఇల్లు వారసత్వ పన్ను లెక్కలోంచి పోదు. రేపు కూతురు అమ్మితే, ఆమె ఉంటున్న ఇల్లు కాదు కాబట్టి మూలధన లాభాల పన్ను ఆమె మీద పడొచ్చు.

మన దగ్గర కథ వేరే. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఒక పెద్దావిడను చూశాను. వేలిముద్ర మిషన్ మీద బొటనవేలు పడక మూడుసార్లు చీర కొంగుతో తుడుచుకుని పెట్టింది. ఇష్టంగానే ఇస్తున్నారా అని అడిగితే ముందు కొడుకు మొహం చూసి, తర్వాత తలూపింది. అది దాన సెటిల్‌మెంట్ దస్తావేజు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో సెక్షన్ 23 ఉన్నది ఇలాంటివాళ్ల కోసమే. బాగోగులు చూసుకోవాలనే షరతుతో ఆస్తి ఇచ్చి, పుచ్చుకున్నవాళ్లు చూడకపోతే, ఆర్డీవో ఉండే ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ బదిలీ చెల్లదని ప్రకటించమని అడగొచ్చు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో గిఫ్ట్ డీడ్ రద్దును సమర్థించి ఇల్లు ఆమెకు తిరిగి అప్పగించమంది. అయితే 2022లో అదే కోర్టు, ఆ షరతు లేని బదిలీకి ఈ సెక్షన్ వర్తించదని కూడా చెప్పింది. అందుకే "పోషించాలి" అనే ఆ ఒక్క వాక్యం దస్తావేజులో రాయించమని కనిపించిన ప్రతి పెద్దవాళ్లకీ చెబుతుంటాను. కొడుకు మీద అనుమానంగా ఉంటుందని చాలామంది మొహమాటపడతారు.

ఇంగ్లండ్‌లో అంత సులువైన దారి లేదు. అక్కడి చట్టం ఇచ్చినవాళ్లనే ఎందుకిచ్చావని నిలదీస్తుంది. ఇచ్చి బాధపడుతున్నవాళ్లకు తిరిగి ఇప్పించాలంటే పెద్ద కోర్టు వ్యవహారమే.

బాబాయి ఆ కాగితాలు సంతకం లేకుండానే వెనక్కి పంపారు. కిందటి నెల ఫోన్ చేస్తే మేడ మీది పడకగది కిందికి మార్చుకున్నానని, బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కమ్మీలు బిగించారని చెప్పారు. పొద్దున పూట సాయానికి ఒకావిడ వస్తోందట, కోడిగుడ్డు అట్టు వేయడం నేర్పించారట. "మా అమ్మాయి ఎంతవుతోంది అని అడిగింది, నీకెందుకే అన్నాను" అని నవ్వారు.