సవరణ: జాన్ హోవర్డ్ విగ్రహం గురించి

జైళ్ల సంస్కర్త జాన్ హోవర్డ్ మీద ఇంతకుముందు పెట్టిన పోస్టులో, ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫర్డ్ పట్టణంలో ఉన్న విగ్రహం ఆయన పోయిన కొన్నేళ్లకే వెలిసిందనీ, రోమన్ వేషంలో ఉంటుందనీ ఉంది. అది తప్పు, రెండు వేర్వేరు విగ్రహాలను కలిపేసింది. ఒకటి లండన్‌లోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్ లోపల, ఇంకొకటి బెడ్‌ఫర్డ్‌లో సెయింట్ పాల్స్ స్క్వేర్‌లో. పేర్లు చూస్తే ఎవరైనా తికమకపడతారు.

రోమన్ వేషం లండన్ విగ్రహానిది. జాన్ బేకన్ చెక్కిన పాలరాతి శిల్పం: చేతిలో తాళంచెవి, కాళ్ల కింద సంకెళ్లు. ఆ కెథెడ్రల్‌లోకి రానిచ్చిన మొట్టమొదటి స్మారక విగ్రహం ఇదే. సైన్యాధిపతుల కంటే ముందు ఖైదీల కోసం తిరిగినాయనకు చోటు దక్కడం నాకు మాత్రం బాగా నచ్చింది. బెడ్‌ఫర్డ్‌లోది కంచు విగ్రహం, ఆల్ఫ్రెడ్ గిల్బర్ట్ చేసింది, 1894 నాటిది. హోవర్డ్ చనిపోయింది 1790లో కాబట్టి మధ్యలో వందేళ్లు దాటాయి.

బెడ్‌ఫర్డ్‌కు ఆ విగ్రహం ఎందుకంటే, 1773లో ఆయన ఆ ఊరున్న జిల్లాకు హైషెరీఫ్ (జిల్లా జైలు బాధ్యత కూడా ఉండే పదవి) అయ్యారు. నిర్దోషులని తేలినవాళ్లు కూడా జైలరుకు ఫీజు కట్టలేక లోపలే మగ్గడం అక్కడే కళ్లారా చూశారు. జైలరుకు జీతం ఉండేది కాదు మరి, ఆ ఫీజులే బతుకుతెరువు.

ఇంకో మాట. జైళ్ల సంస్కరణ కోసం పనిచేసే హోవర్డ్ లీగ్ అనే సంస్థను ఆయన స్థాపించలేదు. అది 1866లో ఆయన పేరు మీద మొదలైంది. అన్నట్టు, బతికుండగానే విగ్రహం కోసం చందాలు పోగు చేస్తుంటే ఆపమని ఉత్తరం రాసింది కూడా ఈయనే.