లెవెల్ అంటే ఎక్కడి లెవెల్?

మొన్న జూలైలో అమలాపురంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఓ కుర్రాడు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన కోడ్ రివ్యూ చేశాను, అంటే తప్పులుంటే చూసిపెట్టాను. గోదావరి నీటిమట్టం ప్రమాద హెచ్చరిక దాటగానే లంకల్లో ఉన్న చుట్టాలకు మెసేజ్ పంపే చిన్న స్క్రిప్టు. సొంత సరదాకి రాసుకున్నాడు. నీటిమట్టం ఉంచే వేరియబుల్‌కి ‘లెవెల్’ అని పేరు పెట్టాడు. అది 43కి చేరితే మెసేజ్ వెళ్లాలి. టెస్టులన్నీ పాస్.

43 అడుగులు భద్రాచలం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక. స్క్రిప్టు తీసుకుంటున్నదేమో ధవళేశ్వరం బ్యారేజీ మట్టం. అక్కడ 11.75 అడుగులకే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకలు మునిగినా ఆ మెసేజ్ రాదన్నమాట. పైథాన్‌కి రెండూ అంకెలే, అది నోరెత్తదు. టైప్ హింట్ (ఇది ఏ రకం విలువో చెప్పే గుర్తు) రాసినా ఫ్లోట్, అంటే దశాంశ సంఖ్య, అని చెబుతుందే గానీ అడుగులో, క్యూసెక్కులో చెప్పదు.

పేరు మార్చమంటే, ‘ఆయ్, లెవెలంటే అందరికీ తెలుసు కదండీ’ అన్నాడు. తెలియకపోవడం కాదు చిక్కు, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి తెలుసు. ‘ధవళేశ్వరం_మట్టం_అడుగులు’ అని ఉంటే, పక్కన 43 కనబడగానే మన జిల్లాల్లో ఎవరైనా ఉలిక్కిపడతారు. ధాన్యం లెక్కల్లో ‘ధర’ అన్నా ఇదే గొడవ. మన రైతు 75 కిలోల బస్తాకి చెబుతాడు, మద్దతు ధర క్వింటాకి ప్రకటిస్తారు.

(పైథాన్ 3 ఇలా తెలుగు అక్షరాల్లో పేర్లు పెట్టినా ఒప్పుకుంటుంది. కీబోర్డు మార్చి మార్చి విసుగొచ్చి నేనే ఇంగ్లిష్‌లో ఉంచమన్నాను.)

రివ్యూలో పేర్ల గురించి మాట్లాడితే చాదస్తం అంటారు. కొంత నిజమే. పైథాన్ కోడ్ ఎలా రాయాలో చెప్పే నియమావళి, 2001లో వచ్చిన పెప్ 8, పేర్లలో పదాల మధ్య అండర్‌స్కోర్ పెట్టమంటుంది, అంకె 1లా కనిపించే చిన్న ‘ఎల్’ ఒక్కదాన్నే పేరుగా వాడొద్దంటుంది. అవి లింటర్ (ఇలాంటి రాత తప్పులు వెతికే టూల్) పట్టుకుంటుంది, మనిషి టైము దండగ. రెండు లైన్ల లూపులో వేరియబుల్ పేరు ఒట్టి ‘ఐ’ అని ఉంటే నేనూ పట్టించుకోను. కానీ ఏ ఊరి మట్టం, ఏ కొలత అన్నది ఏ టూలూ అడగదు. రివ్యూ చేసేవాడు అడగాల్సింది అదొక్కటే.

సాయంత్రానికి కుర్రాడు కోడ్ మళ్లీ పంపాడు. ఇప్పుడు ధవళేశ్వరానికొకటి, భద్రాచలానికొకటి, రెండు వేరియబుల్స్. పైనుంచి వరద దిగడానికి టైము పడుతుంది కాబట్టి భద్రాచలం అంకెతో ముందే ఓ మెసేజ్ పంపొచ్చట. కింద ఓ కామెంటు: ‘శబరి నది కలిసేది భద్రాచలం దాటాక, కూనవరం దగ్గర కదండీ. దానికింకోటి పెట్టాలా?’