ఎడారిలో పలికే పేర్లు

మెక్సికోలోని సొనోరా రాష్ట్రంలో, సరిహద్దును ఆనుకుని ఉన్న సాసబె అనే చిన్న ఊరి నుంచి మే నెలాఖరులో కొన్ని పదుల మంది బయలుదేరి, ఏడు రోజులపాటు దాదాపు 120 కిలోమీటర్లు నడిచి, అమెరికాలోని అరిజోనా రాష్ట్రానికి చెందిన టూసాన్ నగరం చేరుకుంటారు. 2004లో మొదలైన ఈ పాదయాత్రలో నడిచేవారి చేతుల్లో తెల్లరంగు వేసిన చిన్న చెక్క సిలువలు ఉంటాయి. ఒక్కో సిలువ మీద ఒక్కో పేరు. ఆ దారుల్లోనే వలస వస్తూ దాహంతో, వడదెబ్బతో ప్రాణాలు విడిచినవారి పేర్లవి. ఎవరిదో తేలని మృతదేహానికి గుర్తుగా మోసే సిలువ మీద స్పానిష్‌లో ‘దెస్కొనొసీదొ’, అంటే ‘ఎవరో తెలియదు’ అని మాత్రమే రాసి ఉంటుంది. ఒకరు పేరు చదివితే మిగిలినవారంతా ‘ప్రెసెంతె’ అని బదులిస్తారు. బడిలో హాజరు పిలిచినప్పుడు అక్కడి పిల్లలు పలికే మాటే అది.

అరిజోనా దక్షిణ ప్రాంతంలో 2000 సంవత్సరం నుంచి దొరికిన వలసదారుల అవశేషాలు 4,000 దాటాయి. వాటిలో వెయ్యికి పైగా ఇప్పటికీ ఎవరివో తెలియదు. ఈ చావులను ఎడారి ఖాతాలో వేసి ఊరుకోవడం అన్యాయం. పట్టణాల దగ్గరి దారులను మూసివేస్తే వలసదారులు మరింత కఠినమైన భూభాగంలోకి మళ్లక తప్పదని, అక్కడ వారిని అడ్డుకోవడం తేలికని 1994లో అమెరికా సరిహద్దు గస్తీ దళం తన వ్యూహపత్రంలోనే రాసుకుంది. కష్టం చూసి జనం వెనుదిరుగుతారని లెక్క వేశారు. ఊళ్లో తుపాకీ, ఇంట్లో ఆకలి తరుముతున్న మనిషి వెనుదిరగడన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

నడిచేవారిలో అన్ని మతాలవారూ, ఏ మతమూ లేనివారూ ఉంటారు. అయినా ఈ యాత్రకు వెనుక టూసాన్ చర్చిల సుదీర్ఘ సంప్రదాయం ఉంది. 1982 మార్చి 24న అక్కడి సౌత్‌సైడ్ ప్రెస్బిటీరియన్ చర్చి, ఎల్ సాల్వడార్, గ్వాటెమాలాల నుంచి ప్రాణభయంతో వచ్చినవారికి ఆశ్రయమిస్తామని బహిరంగంగా ప్రకటించింది. అందుకు ఆ చర్చి పాస్టర్ జాన్ ఫైఫ్‌ను 1986లో న్యాయస్థానం దోషిగా తేల్చింది. దప్పిగొన్నవాడికి దాహమివ్వడం, పరదేశిని చేర్చుకోవడం గురించి మత్తయి సువార్త చెప్పిన మాటలను ఆయన అక్షరాలా ఆచరించారు. గుణదల కొండకు కాలినడకన వెళ్లే మన భక్తులకు నడకలో ఉండే ప్రార్థన ఏమిటో తెలుసు. ఆ ప్రార్థనే ఇక్కడ పరాయివాడి చావును తన ఇంటి చావుగా భుజాన వేసుకుంటోంది. తమ వెంట నీళ్ల బండ్లు వస్తాయని, గస్తీకి భయపడి పొదల్లో దాక్కోవలసిన అవసరం లేదని ఈ ఎడారి యాత్రికులకు తెలుసు. వలసదారుడి కష్టమంతా అనుభవించామని వారు చెప్పుకోరు. ఆ నిజాయితీని మేము గౌరవిస్తున్నాం.

దాహం తీర్చడాన్ని నేరం చేయడం కంటే హేయమైన పని మరొకటి ఉండదు. ఎడారిలోని అభయారణ్యంలో నీళ్ల డబ్బాలు, ఆహారం ఉంచినందుకు నలుగురు మహిళా వలంటీర్లకు 2019లో శిక్ష పడింది. అది వారు విశ్వాసంతో చేసిన పని అని గుర్తించి, మత స్వేచ్ఛ చట్టం ఆధారంగా 2020లో ఫెడరల్ న్యాయమూర్తి ఆ శిక్షను రద్దు చేశారు. ఆ తీర్పు ఇచ్చిన ఊరట ఎంతోకాలం నిలవలేదు. చర్చిలు, బడులు, ఆసుపత్రుల వద్ద అరెస్టులకు దూరంగా ఉండాలన్న నిబంధనను 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం ఎత్తివేసింది. ఆ ఏడాది నవంబరులో అమెరికా కథోలిక బిషప్పులు విచక్షణ లేని సామూహిక బహిష్కరణలను వ్యతిరేకిస్తూ ఉమ్మడి సందేశం ఇవ్వవలసి వచ్చింది.

ఇది మనకు సంబంధం లేని గొడవ అని తెలుగు పాఠకులు అనుకోవచ్చు. 2019 జూన్‌లో అదే అరిజోనా ఎడారిలో, సుమారు 42 డిగ్రీల ఎండలో, తల్లి నీళ్లు వెతకడానికి వెళ్లి వచ్చేలోగా చనిపోయిన ఆరేళ్ల పాప మన దేశపు బిడ్డ. 2025 ఫిబ్రవరిలో 104 మంది భారతీయులను సంకెళ్లతో సైనిక విమానంలో అమృత్‌సర్‌లో దించిన దృశ్యం ఇంకా మన కళ్ల ముందే ఉంది. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లలో ‘మేము వీసాతో వచ్చాం, వాళ్లు దొంగదారిన వచ్చారు’ అనేవారున్నారు. చట్టం దృష్టిలో ఆ తేడా ఉంటే ఉండవచ్చు. దాహంతో చనిపోవడానికి ఆ తేడా కారణం కారాదు. పైగా హెచ్‌-1బీ కొలువు పోయి అరవై రోజుల గడువు లెక్కపెట్టుకున్న కుటుంబానికి, ఒక సంతకంతో బతుకు తలకిందులు కావడమంటే ఏమిటో ఎవరూ వివరించనక్కర్లేదు.

నీళ్లు పెట్టినవారిని కోర్టులకు ఈడ్చడం మానాలని, చర్చి గడపకు ఉండిన రక్షణను పునరుద్ధరించాలని, వలసదారులను ఎడారిలోకి నెట్టే వ్యూహాన్ని విడిచిపెట్టాలని అమెరికా ప్రభుత్వాన్ని మేము కోరుతున్నాం. అక్కడ ఆదివారం తెలుగులో ఆరాధన జరుపుకునే సంఘాలకూ మా విన్నపం ఒకటుంది. ఫీనిక్స్ నుంచి టూసాన్‌కు కారులో రెండు గంటల ప్రయాణం. ఈసారి మే నెలలో మీలో కొందరైనా వెళ్లి ఒక సిలువ అందుకోండి, దాని మీది పేరు చదవండి.