పొలిమేర దాటిన పాత కారు

ఆంధ్రప్రదేశ్ అంచున ఉన్న పాతపట్నంలో ఒకరి ఇంటి వెనుక షెడ్డులో టార్పాలిన్ కింద ఏళ్ల తరబడి నిలిచిపోయిన 1984 నాటి అంబాసిడర్‌ను, సరిహద్దుకు ఇటు ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటున్న వారి మేనల్లుడు కొనుక్కున్నాడనుకుందాం. ఇద్దరూ ఒకే పెళ్లిపందిట్లో కూర్చునేవారు, ఒకే సంతలో కూరగాయలు కొనేవారు, ఇంట్లోనూ బజారులోనూ తెలుగే మాట్లాడేవారు. మెకానిక్కు కార్బురేటరు కడిగి, బ్యాటరీ మార్చి, టైర్లలో గాలి నింపితే ఆ బండి తన చక్రాల మీద తానే మేనల్లుడి వాకిట్లోకి రాగలదు. అయితే చట్టం లెక్కలో అది పరరాష్ట్రం నుంచి వచ్చిన వాహనం. మద్రాసులోనో ముంబయిలోనో కొని లారీకి ఎక్కించి తెచ్చుకున్న కారుకు ఏయే కాగితాలు అడుగుతారో, ఈ కారుకూ అవన్నీ అడుగుతారు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా బరంపురం, పర్లాకిమిడి, టెక్కలి, ఇచ్ఛాపురం ఒకే గంజాం జిల్లాలో ఉండేవి. జయపురం, రాయగడ విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. గీత పడింది గాని చుట్టరికాలు, బేరాలు, వైద్యం, చదువులు దాన్ని దాటి సాగుతూనే ఉన్నాయి. కటక్‌లోనో పుణేలోనో ఉండేవారికి రాష్ట్రాంతర కొనుగోలు జీవితంలో ఒకసారి ఎదురయ్యే వ్యవహారం కావచ్చు. గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు కుటుంబాలకు మాత్రం అది పక్కింటి బేరం. అందుకే పాత కార్ల రిజిస్ట్రేషన్ బదిలీని కొద్దిమంది ధనవంతుల సరదాగా కొట్టిపారేయకుండా సరిహద్దు ప్రజల నిత్య సమస్యగా చూడాలని మేము కోరుతున్నాం.

చట్టంలో ఉన్నది ముందుగా చెప్పుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 48వ సెక్షన్ ప్రకారం, బండి మొదట నమోదైన కార్యాలయం నుంచి ఫారం 28 ద్వారా నిరభ్యంతర పత్రం, అంటే ఎన్‌ఓసీ, తీసుకోవాలి. దాన్ని ఇచ్చేముందు ఆ కార్యాలయం బండి మీద దొంగతనం కేసు లేదని పోలీసుల నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవాలి, పన్ను బకాయిలు లేవని చూసుకోవాలి. అమ్మకం సంగతి ఫారం 29లో అమ్మినవారు, ఫారం 30లో ఇద్దరూ కలిసి తెలపాలి. కొత్త రాష్ట్రపు నంబరు కోసం ఫారం 27 పెట్టుకోవాలి. అక్కడి మోటారు వాహనాల తనిఖీ అధికారి ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు సరిచూస్తారు. ఇవేవీ అనవసరమైనవని మేము అనడం లేదు. దొంగబండ్లు సులువుగా రాష్ట్రం దాటిపోయే చోట ఈ తనిఖీలు ఇంకా గట్టిగా ఉండాలి. మా అభ్యంతరమల్లా ఒక్కటే: రెండు ప్రభుత్వ కార్యాలయాల రికార్డులు ఒకదానితో ఒకటి సరిపోలుతున్నాయని నిరూపించే భారమంతా ఆ రికార్డులను రాయనూ లేని, దిద్దనూ లేని కొనుగోలుదారుడి మీద పడుతోంది.

నాలుగు దశాబ్దాల నాటి కారుకు ఉండేది చేతిరాత ఆర్సీ పుస్తకం. మొదటి కార్యాలయంలోని పాత రిజిస్టరులో ఉన్న వివరాలు ‘వాహన్’ కంప్యూటరు వ్యవస్థలోకి ఎక్కనంతవరకు ఎన్‌ఓసీ దరఖాస్తు ముందుకు కదలదు. ఇలా పాత వివరాలను ఎక్కించడాన్నే కౌంటర్లలో బ్యాక్‌లాగ్ ఎంట్రీ అంటారు. ఆ రిజిస్టరు ఎక్కడుందో వెతికించి, పుట చూపించి, అధికారి ఆమోదం పడేదాకా తిరగాల్సింది కొన్నవాడే. పుస్తకంలో ఛాసిస్ నంబరులో ఒక అంకె చెరిగి ఉంటే, మొదటి యజమాని మరణించి ఉంటే, అప్పు ఇచ్చిన ఫైనాన్స్ సంస్థ పేరు ఇంకా కొట్టేయకుండా ఉంటే ప్రతిదీ విడి తతంగం అవుతుంది. అప్పు ఎప్పుడో తీరిపోయినా, సంస్థ మూతపడి సంతకం చేసే మనిషే లేకపోయినా, ఫారం 35 లేకుండా ఆ పేరు తొలగదు. వారసత్వానికి ఫారం 31తోపాటు మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి. అవి తెలుగులో ఉంటే ఇటు ఒడిశా కార్యాలయానికి అనువాదం కావాలి. తీరా ఇవన్నీ సమకూరాక, రిజిస్ట్రేషన్ గడువే తీరిపోయిందని తేలితే బండిని మళ్లీ అమ్మినవారి ఊరికి తీసుకెళ్లి తనిఖీ చేయించి పునరుద్ధరించుకోవాలి. ఎన్‌ఓసీ చేతికి రాకముందే కారును ఇంటికి తెచ్చేసుకున్నవారు పడే ఇక్కట్లలో ఇదే పెద్దది.

రాష్ట్రాల విభజన దీనికి మరో ముడి వేసింది. ఏపీ 09 అంటే హైదరాబాద్ నంబరు. 2014 తర్వాత ఆ కార్యాలయం, దాని రిజిస్టర్లు తెలంగాణవి అయ్యాయి గాని బండి మీద నంబరు మారలేదు. శ్రీకాకుళంలో కొన్న ఏపీ 09 కారుకు ఎన్‌ఓసీ శ్రీకాకుళంలో దొరకదు, హైదరాబాద్ నుంచే రావాలి. 1989లో దేశమంతటికీ ఒకే తరహా నంబర్లు రాకముందు రిజిస్టరైన బండ్ల సంగతి ఇంతకన్నా చిక్కు. అంబాసిడర్లలో మరో చిక్కు ఇంజిన్‌ది. పెట్రోలు ఖర్చు భరించలేక ఎందరో యజమానులు పాత పెట్రోలు ఇంజిన్ తీయించి డీజిల్ ఇంజిన్ బిగించుకున్నారు. వారిలో కొందరు ఆ మార్పును 52వ సెక్షన్ కింద అనుమతి తీసుకుని ఆర్సీలో రాయించుకోలేదు. ముప్పై ఏళ్ల కిందట ఎవరో చేయని పనికి ఇప్పుడు కొన్నవాడు జవాబు చెప్పుకోవాల్సి వస్తోంది. కొనేముందు బానెట్ ఎత్తి రెండు నంబర్లనూ ఆర్సీతో సరిచూసుకోవాలని పాఠకులకు మేము గట్టిగా చెబుతున్నాం. రంగు చూసి, సీట్లు చూసి బయానా ఇచ్చేయవద్దు.

చట్టం ఇచ్చిన ఊరటలు కౌంటరు దగ్గర ఎందుకు కనిపించవన్నదే మమ్మల్ని ఎక్కువగా బాధిస్తున్న విషయం. ఎన్‌ఓసీ దరఖాస్తు అందిన 30 రోజుల్లో ఇస్తున్నదీ లేనిదీ రాతపూర్వకంగా చెప్పాలని 48వ సెక్షన్ నిర్దేశిస్తోంది. చెప్పకపోతే ఇచ్చినట్టుగానే భావించాలని అదే సెక్షన్ అంటోంది. 50వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. బండి వేరే రాష్ట్రంలో నమోదై ఉంటే అమ్మినవారు 45 రోజుల్లో ఎన్‌ఓసీ పంపాలి. అది చేతికి రాకపోతే, దరఖాస్తు పెట్టినప్పుడు కార్యాలయం ఇచ్చిన రసీదును గాని రిజిస్టర్డ్ పోస్టు అందినట్టున్న అక్నాలెడ్జ్‌మెంటును గాని జతచేసి, తిరస్కరిస్తున్నట్టు తమకు ఏ సమాచారమూ రాలేదన్న ప్రకటన ఇస్తే చాలు. శాసనకర్తలు సామాన్యుడి అవస్థను ముందే ఊహించి రాసిన మాట ఇది. అయితే కంప్యూటరు తెరమీద ఎన్‌ఓసీ కనిపించందే దరఖాస్తు తీసుకోబోమని చెబితే, ఆ రసీదుకు విలువ ఎక్కడిది? పార్లమెంటు ఇచ్చిన హక్కును సాఫ్ట్‌వేర్‌లో గడి లేదన్న కారణంతో నిరాకరించడం ఎంతమాత్రం సమర్థనీయం కాదు.

దీని ఫలితం సరిహద్దు రోడ్ల మీద కనిపిస్తూనే ఉంది. కాగితాలతో విసిగిన మనిషి పాత నంబరుతో, పాత యజమాని పేరుతోనే బండి నడుపుకుంటున్నాడు. ఏడాదిదాకా ఫర్వాలేదన్న నమ్మకం కొందరిలో ఉంది, అది తప్పు. 47వ సెక్షన్‌లోని 12 నెలల వెసులుబాటు బండిని వేరే రాష్ట్రంలో ఉంచుకున్నప్పుడు కొత్త నంబరు తీసుకోవడానికి సంబంధించినది. కొన్నవారు యాజమాన్య బదిలీని 30 రోజుల్లోనే తెలపాలి. రికార్డుల్లో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వారే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. అంటే పర్లాకిమిడి రోడ్డు మీద మేనల్లుడి చేతిలో జరిగిన ప్రమాదానికి పాతపట్నంలో కూర్చున్న మేనమామ కోర్టు మెట్లెక్కాలి. కారు అమ్మేసి చేతులు దులుపుకున్నామనుకునేవారు ఫారం 29 నకలును, అది అందినట్టు రుజువును భద్రంగా దాచుకోవాలి.

పాత బండ్ల పట్ల ప్రభుత్వ విధానంలోనే ఒక పెద్ద ఖాళీ ఉంది. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పు లేని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు అవి వర్తిస్తాయి. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. ముందే నమోదైన బండి తన పాత నంబరును నిలుపుకోవచ్చు. అమ్ముకుంటే ఇద్దరూ తమ తమ రాష్ట్రాల రవాణా అధికారులకు తెలపాలి. ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, ఇంధనానికి తప్ప రోజువారీ వాడకానికి రోడ్డెక్కించకూడదు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ లాంటి కార్లు ఈ గొడుగు కిందికి వస్తాయి; సంతోషం. మరి 1984 అంబాసిడర్ మాటేమిటి? 1990 ప్రీమియర్ పద్మిని కారు మాటేమిటి? 15 ఏళ్లు దాటగానే ఆ బండి చట్టానికి భారంగా మారుతుంది. 50 నిండితేనే గౌరవం. నడుమ 35 ఏళ్లు దానికి పేరు లేదు, తరగతి లేదు. ఆ వయసు కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు 600 రూపాయలున్న రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది; 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. పొగ కక్కే బండ్లను తగ్గించాలన్న ఉద్దేశాన్ని మేము గౌరవిస్తాం. కానీ నెలకు నాలుగుసార్లు తీసి తుడిచి నడుపుకునే కారును, రోజుకు రెండు వందల కిలోమీటర్లు తిరిగే బండిని ఒకే తక్కెడలో తూచడం న్యాయం కాదు. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. మిగిలినవాటిని కాపాడుతున్నది మ్యూజియంలు కావు, ఇలాంటి ఇళ్లే.

పన్ను గురించి ఒక్క మాట. వాహన పన్ను రాష్ట్రాల అధికారం. ఒడిశా చట్టం 1975 నాటిది, ఆంధ్రప్రదేశ్ చట్టం 1963 నాటిది. అయితే ఆ పన్నులకు మూల సూత్రాలు నిర్ణయించే అధికారం రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో 35వ అంశంగా ఉంది. సరిహద్దు దాటే పాత బండికి ఒకచోట కట్టిన పన్నును మరోచోట ఎలా సర్దాలో దేశమంతటికీ ఒక సూత్రం చేయడానికి కేంద్రానికి ఏ అడ్డంకీ లేదు.

రెండు రాష్ట్రాల రవాణా శాఖలు వెంటనే చేయగలిగిన పనులు ఉన్నాయి. 1989కి ముందరి రిజిస్టర్ల బ్యాక్‌లాగ్ నమోదును దరఖాస్తుదారు వచ్చి అడిగినప్పుడు కాక, కార్యాలయాలే తమంత తాముగా పూర్తిచేయాలి. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు కార్యాలయాలు, ఇటు పర్లాకిమిడి, బరంపురం, రాయగడ కార్యాలయాలు నెలకొక రోజు ఉమ్మడిగా కేటాయించి, ఒకరి రికార్డుపై మరొకరికున్న సందేహాలను ఆ రోజే నేరుగా తీర్చుకోవాలి. మూతపడిన ఫైనాన్స్ సంస్థల విషయంలో పత్రికా ప్రకటన, ప్రమాణపత్రం ఆధారంగా అప్పు గుర్తు తొలగించే పద్ధతిని ప్రకటించాలి. 30 నుంచి 50 ఏళ్ల మధ్య బండ్లకు, పరిమిత వాడకం షరతు మీద, తక్కువ రుసుముతో ఒక తరగతి ఏర్పాటు చేయాలని రాష్ట్రాలు కేంద్రానికి రాయాలి. ఇవన్నీ జరిగేలోగా, 48వ సెక్షన్ కింద 30 రోజులు గడిచిన రసీదును తీసుకుని వచ్చిన మనిషిని వెనక్కి పంపవద్దని రవాణా కమిషనర్లు తమ కౌంటర్లకు ఒక్క సర్క్యులర్ ఇవ్వాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త ఖర్చూ అక్కర్లేదు.