జీతమంటే గింజలే

ప్రాచీన ఈజిప్టు సామాన్యులు రొట్టె, బీరు, ఉల్లిపాయలతోనే కడుపు నింపుకునేవారని వాళ్ల తిండి గురించిన మీ వ్యాసంలో బాగా రాశారు. కానీ ఆ తిండి వాళ్ల ఇంటికి ఎలా చేరేదో కూడా చెప్పాల్సింది. నా దృష్టిలో అసలు కథ అక్కడే ఉంది.

రాజుల లోయలో సమాధులు తొలిచిన పనివాళ్లు దెయిర్ ఎల్ మదీనా అనే ఊళ్లో ఉండేవారు. నాణేలు లేని కాలం కాబట్టి జీతం ధాన్యంగానే ఇచ్చేవారు. మామూలు పనివాడికి నెలకి సుమారు 300 లీటర్ల ఎమ్మర్ గోధుమ (మన దగ్గర ఖప్లీ గోధుమ పేరుతో అమ్మేది ఈ రకమే) రొట్టెలకి, 110 లీటర్లకి పైగా బార్లీ బీరుకి. ఊరు ఎడారి అంచున ఉండటంతో చేపలు, కూరగాయలే కాదు, తాగే నీళ్లు కూడా బయటి నుంచే రావాలి.

మూడో రామ్సెస్ అనే ఈజిప్టు రాజు పాలనలో 29వ ఏట ఆ గింజలు ఆలస్యమయ్యాయి. పనివాళ్లు పని ఆపేసి గుడుల దగ్గరికి వెళ్లి కూర్చున్నారు. ఆకలి, దాహం వల్లే వచ్చామని, బట్టలు, నూనె, చేపలు, కూరలు ఏవీ లేవని మొరపెట్టుకున్నారు. అదంతా రాసిన పపైరస్ (రెల్లుతో చేసిన నాటి కాగితం) ఇప్పటికీ ఇటలీలోని టురిన్ మ్యూజియంలో ఉంది. రాతలో నమోదైన తొలి సమ్మె ఇదేనని చాలామంది చరిత్రకారులు చెబుతారు.

ఇంకొకటి. పిండిలో ఇసుక, రాతిపొడి కలిసేవి. ఆ రొట్టెలు తిని తిని వాళ్ల పళ్లు ఎంతగా అరిగిపోయాయో మమ్మీల దవడలు చూస్తే తెలుస్తుంది. రాజకుటుంబాల వాళ్లకీ ఈ బాధ తప్పలేదు. మీ వ్యాసంలో ఉన్న విందుల బొమ్మలతో పాటు ఈ సంగతి కూడా చేర్చండి, దయచేసి.